రేపు పాపకు పసుపు పెట్టొద్దు

అమ్మకు నీ చిన్నబిడ్డ సరిత దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, నాన్న, బాలింత అక్క, నలభై రోజుల పాప ఎట్లున్నారు? ఈసారి పంట పసుపు ఉడకబెట్టడం అయిపోయిందా? పక్కింటి సుజాత వదిన ఫోన్‌కు ఈ ఉత్తరం ఫోటో పంపిస్తున్నాను. ఆమె చదివి వినిపిస్తుంది. నోటితో చెబితే నవ్వి కొట్టేస్తావు, చదివితే ఆగి వింటావని.

బెంగళూరులో పొద్దుటి చలి తగ్గలేదు. సాంబారులో బెల్లం వేస్తారు, ఇంకా అలవాటు కాలేదు. హాస్టల్లో ఆదివారాలే కష్టం. పిల్లల దవాఖాన ల్యాబులో మాత్రం పొద్దు తెలియదు. ఈరోజు ఒక పసివాడి రక్తం పిత్తరసంలోని ఆమ్లాల పరీక్షకు వస్తే, అసలు అవి ఏం చేస్తాయని పెద్ద డాక్టరమ్మను అడిగాను. కాలేయం వాటిని తయారు చేసి పేగులోకి పంపుతుందట. జిడ్డు గిన్నెకు సబ్బు ఎలాగో, పాలలోని కొవ్వుకు అవి అలాగ. పని అయ్యాక చాలావరకు తిరిగి కాలేయానికే చేరతాయి. పుట్టిన కొత్తలో పిల్లలకు అవి తక్కువట. మరి పాలెలా అరుగుతాయి? తల్లిపాలలోనే కొవ్వును విడగొట్టే పదార్థం ఒకటి ఉంటుందట! నేను నోరు తెరిచి విన్నాను.

పిల్లల దొడ్డికి పసుపు రంగు కూడా పిత్తరసం వల్లే అన్నది. అప్పుడు పోయిన వారం అక్క ఫోన్లో అన్నది గుర్తొచ్చింది. "మా బంగారం పెరుగు లెక్క తెల్లగ పోతది చెల్లె. గుడ్డలకు మరకనే పడ్తలేదు, ఉతుకుడు మస్తు అల్కగున్నది." నేనూ నవ్వాను. ఇంత చదివి నవ్వాను.

వెంటనే నీకు ఫోన్ చేసి, పాప కళ్లు పచ్చగున్నాయా అని అడిగితే, "దినాం పసుపు రాసి తానం పోస్తున్నం, ఇల్లంత పసుపే. పచ్చగ గాక నల్లగుంటదా బిడ్డా? సదివి సదివి అందరికి రోగాలే అంటగడ్తవ్" అన్నావు.

అమ్మా, పసుపు ఒంటికి అంటుతుంది, కంటి తెల్లగుడ్డుకు అంటదు. దొడ్డికి తెల్లగా పోయి కళ్లు కూడా పచ్చబడితే, పిత్తరసం పేగులోకి పోయే దారి మూసుకుపోయిందేమో చూడాలి. అదే అని నేననను, కాకపోవచ్చు. అదే అయితే మాత్రం ఆలస్యమైన కొద్దీ కాలేయం చెడిపోతుంది. తొందరగా తెలిస్తే ఆపరేషన్ చేస్తారు. రేపు పొద్దున పసుపు లేకుండా, ఒట్టి నీళ్లతో తానం పోసి నిజామాబాద్‌లో పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. పాప అసలు రంగు ఆయన చూడాలి. మరక పడని గుడ్డ ఒకటి ఉతకకుండా సంచిలో పెట్టుకోండి. సిగ్గెందుకు, నేను రోజూ చూసేవి అవే.

నాన్నకు, వదినకు నా నమస్కారాలు. నీ దీవెన ముందు పాపకివ్వు, మిగిలితే నాకు. నా మీద కోపమొస్తే బస్సెక్కాక ఫోన్ చేసి తిట్టు.

నీ మాట కోసం చూసే
సరిత