వజ్రమ్మ మోసిన సైకిల్

భూపాలపల్లి

బాపూ,

నేను బాగున్నాను. కార్బన్ సైకిలూ విరగలేదు, ఇక భయపడకు.

మహదేవపూర్ మట్టిబాటల రేసులో నేను మూడో స్థానంలో ఉన్నాను. వాగు దగ్గర సైకిల్‌ను భుజానికెత్తుకోబోతుంటే, గడ్డిమోపుతో వస్తున్న వజ్రమ్మ అనే పెద్దామె మోపు దించి, సైకిల్ లాక్కుని నెత్తిన పెట్టుకుంది. "గింత అల్కటిదానికి గంత తిప్పలేంది? నడువు బిడ్డా!" అంది. నేను వద్దనేలోపే వాగు దాటేసింది. ఎవరి సైకిల్ వాళ్లే మోయాలన్నది రేసు నియమం. రేసు చివర్లో నిర్వాహకులకు నేనే చెప్పాను. నా స్థానం తీసేశారు. నాలుగు నెలల సాధన పోయినా ఎందుకో బాధనిపించలేదు.

ఆమె చీరకు గొలుసు నూనె అంటింది. మరక వదిలించి ఇస్తానని నిన్న ఆ చీర కోసం పోతే, "గెల్చినవా బిడ్డా?" అని అడిగింది.

"గెల్చిన అవ్వా" అన్నాను.

"నేను మోస్తె గెల్వవా మరి!" అని వాడకంతా వినబడేలా నవ్వింది.

నూనె మరక ఎట్ల పోతుందో అమ్మనడిగి రాయి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నీ మందులు మానకు.

రేసువాళ్లకు నిజం చెప్పి, వజ్రమ్మకు అబద్ధం చెప్పాను. తప్పంటావా బాపూ? నువ్వు తప్పన్నా, చీర ఇచ్చేటప్పుడు ఆమె మళ్లీ అడిగితే అదే చెప్తాను.

ఇద్దరికీ దండాలు.

నీ బిడ్డ
యమున