ఈద్‌కి మళ్ళీ అదే కథ

ఏప్రిల్ 3, బుధవారం

పోస్టర్ వచ్చింది! అన్నయ్య వగీహ్ దాన్ని తెచ్చి వంటింట్లో నేల మీద పరిచాడు. నేను ఈద్‌కి కహ్క్ బిస్కట్లు చేయడానికి పిండిలో నెయ్యి కలుపుతున్నాను. చేతులు తుడుచుకుని వంగి చూశాను. ‘మామిడి వీధి’. అదే పేరు, అదే కథ, మొహాలు మాత్రం కొత్తవి. హీరోయిన్‌కి ఎర్రజుట్టు. కథలో హీరో, ట్రాము కండక్టరు మహ్రూస్, ఇప్పుడు ట్రాములో లేడు, పెద్ద కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

పాతది నలుపు తెలుపు. శుక్రవారం నమాజు అయ్యాక టీవీలో ఎన్నిసార్లు వేశారో అల్లాకే తెలియాలి. మా జగాజీగ్‌లో ఇంకా పళ్ళు రాని పిల్లలకి కూడా దాని మాటలు వచ్చు.

అన్నయ్య కూతురు నెర్మీన్ పోస్టర్ చూసి, నాన్నా, పోయిన ఈద్‌కి రీమేకే, అంతకుముందు ఈద్‌కీ రీమేకే, ఈసారి ఆ రీమేక్‌నే మళ్ళీ రీమేక్ చేయలేదా అంది. అన్నయ్య, నోరు మూసుకోవే, ఉపవాసంలో ఉన్నాను, నా చేత తిట్టించకు అన్నాడు.

నాకైతే పోస్టర్ చూస్తే గుండె దడదడలాడింది. రంజాన్ నెలంతా మా సినిమా హాలు మూసి ఉంటుంది. తెరిచే రోజు దగ్గరపడుతుంటే నాకు ప్రతి ఏడూ ఇదే దడ.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఇఫ్తార్ అయ్యాక హగ్గ్ బయ్యూమీ వచ్చాడు. పెళ్ళి మండపాల వ్యాపారి. మా యాస్మీన్ సినిమా హాలు మీద ఆయన కన్ను పడి చాలాకాలమైంది. టీ తాగుతూ, తెర ఉన్నచోట పెళ్ళికూతురి సోఫా వేస్తాను, బాల్కనీలో ఆడవాళ్ళని కూర్చోబెడతాను, మీ నాన్న ఆత్మ సంతోషిస్తుంది అన్నాడు. నాన్న ఆత్మ గురించి ఈయనకేం తెలుసు!

నాన్న పోయాక హాలులో అన్నయ్యకి రెండు వంతులు, నాకొక వంతు. నేను సంతకం పెట్టకపోతే అది ఎవరి చేతికీ పోదు. బయ్యూమీ నావైపు తిరిగి, పెద్దదాన్నని గౌరవంగా, హగ్గా ఇన్సాఫ్, పండగయ్యాక పెన్ను కూడా నేనే తెస్తాను, మీరు వేళ్ళు కదిపితే చాలు అన్నాడు.

ఆయన వెళ్ళాక అన్నయ్య, చెల్లీ, ఈ ఈద్‌కి హాలు నిండకపోతే ఇక నావల్ల కాదు, ఖాళీ కుర్చీలకి సినిమా వేసీ వేసీ నాకే సిగ్గేస్తోంది అన్నాడు. సరే అన్నయ్యా, నిండకపోతే సంతకం పెడతాను అన్నాను. మాట ఇచ్చేశాను.

ఏప్రిల్ 10, బుధవారం. ఈద్

తెల్లవారుజామునే పండగ నమాజు. తిరిగొచ్చి టికెట్ల కిటికీలో కూర్చున్నాను. కొత్త బూట్లు వేసుకుని, పండగ డబ్బులు గుప్పిట్లో పట్టుకుని పిల్లలు తోసుకుంటూ వచ్చారు. అమ్మయ్య అనుకున్నాను. సగం సినిమా అయ్యేసరికి వాళ్ళే తోసుకుంటూ బయటికొచ్చారు. మా నానమ్మ చెప్పినట్టే జరుగుతోంది అన్నాడొకడు విసుగ్గా.

పెద్దవాళ్ళు పోస్టర్ దాకా వచ్చి ఆగిపోయారు. ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి, చివర్లో వాళ్ళిద్దరికీ పెళ్ళవుతుందా హగ్గా అని అడిగాడు. అవుతుందండీ అన్నాను. అయితే నా తరఫున కూడా దీవించండి అని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 11, గురువారం

బాల్కనీలో ముగ్గురు. ఒకాయన గురక అన్నయ్య కూర్చునే ప్రొజెక్టరు గదిదాకా వినిపించింది.

ఏప్రిల్ 12, శుక్రవారం, సాయంత్రం

యా రబ్, దేవుడా, ఎక్కడ మొదలుపెట్టాలి!

మధ్యాహ్నం ఆటకి కుట్టుపని చేసే ఉమ్ రాఫత్ తన వీధి ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చింది. సినిమా కోసం కాదట. ఇంట్లో మగాళ్ళు ఉప్పుచేప తిని ఆవులిస్తున్నారు, ఆ కంపు భరించలేక వచ్చాం, మీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతాయి కదా అంది. వాళ్ళతో కలిపి కింద నాలుగైదు వరసలు నిండాయి.

సినిమా మొదలైన కాసేపటికి స్పీకర్లు ముందు గరగరమన్నాయి, తర్వాత చచ్చిపోయాయి. నేను ప్రొజెక్టరు గదికి పరుగెత్తాను. ఆంప్లిఫయర్‌లోంచి పొగ. పొగతోపాటు కమ్మటి నెయ్యి వాసన. దాని మీద పనివాళ్ళ కోసం నేను పంపిన కహ్క్ పళ్ళెం. వేడికి నెయ్యి కరిగి, పంచదార పొడితో కలిసి కన్నాల్లోంచి లోపలికి దిగిపోయింది. ఏ గాడిద పెట్టాడిక్కడ అని అన్నయ్య గట్టిగా అరిచాడు. పొద్దున గదిలో ఎక్కడా చోటు లేదని స్వయంగా తనే పెట్టాడు. నేను చూశాను.

టికెట్ డబ్బులు వెనక్కిస్తామని చెప్పడానికి కిందికి దిగాను. తలుపు తోసేసరికి లోపల నవ్వులు. తెరమీద ఎర్రజుట్టు పిల్ల పెదవులు కదుపుతోంది. ఉమ్ రాఫత్ లేచి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, పాత సినిమాలోని మాటలు చెబుతోంది. అత్తగారి వంతు వెనక వరసలోని ఒకామె అందుకుంది. కండక్టరు మహ్రూస్ మాటలు గురకపెట్టే ఆయన చెప్పాడు! నిన్నటి ఆయనే. ఏం గొంతు! మాటలు తెరమీది పెదవులతో కలిస్తే చప్పట్లు, కలవకపోతే ఇంకా పెద్ద చప్పట్లు. ఇది చెప్పరా అంటే ఇంకేదో చెబుతాడేంటి అని ఎవరో హీరోని తిట్టారు. ఫోన్లో మాట్లాడి లోపలున్నవాళ్ళే బయటివాళ్ళని పిలుస్తున్నారు, త్వరగా రా, మేం సినిమాలో ఉన్నాం అని.

తర్వాత తలుపు దగ్గరి సీను వచ్చింది. ఏళ్ళ తర్వాత అతను తిరిగొస్తాడు, ఆమె గడపలో ఉంటుంది. పాతదాంట్లో అక్కడ ఆమె అనే మాటని కొత్త సినిమాలో తీసేశారు. ఆ పిల్ల ఊరికే ఏడుస్తుంది. హాలంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరో ఒకరు చెబుతారని అందరూ ఎదురుచూస్తున్నారు.

నేను చెప్పాను. తలుపు తీసే ఉంది, కానీ నీ కోసం కాదు, గాలి కోసం.

అంతే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఉమ్ రాఫత్ వెనక్కి తిరిగి, నీ నోరు మండ ఇన్సాఫ్, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే అంది. జనం కుర్చీలెక్కి అరిచారు. నేను తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని బయటికి వచ్చేశాను.

సాయంత్రం అసర్ నమాజులో నుదురు నేలకానించి సజ్దా చేస్తుంటే నవ్వొచ్చింది. అల్లా క్షమించుగాక. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఏప్రిల్ 13, శనివారం

హాలు నిండింది. నిండిపోయింది! మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఆంప్లిఫయర్ బాగుచేయించొద్దు నాన్నా అని నెర్మీన్ తండ్రిని బతిమాలింది. సినిమా ఏదైతేనేం హగ్గా, మాకు మూగది కావాలి అని కిటికీ దగ్గర గొడవ.

అన్నయ్య కహ్క్ పళ్ళేన్ని తన గదిలో గోడకి తగిలించాడు.

ఏప్రిల్ 14, ఆదివారం

కైరో నుంచి సినిమా పంపే కంపెనీ మనిషి వచ్చాడు. షహీర్ అట, చదువుకున్నాయన కాబట్టి ఉస్తాజ్ షహీర్ అనాలి. సూటు, కోపం. మా సినిమాని మూగగా ఆడించడానికి మీకెవరిచ్చారు హక్కు అని అన్నయ్య మీద పడ్డాడు. తనతో తెచ్చిన మెకానిక్ చేత స్పీకర్లు బాగుచేయించి బాల్కనీలో కూర్చున్నాడు.

మాట తిరిగొచ్చింది. ఏం లాభం? జనం దానికంటే గట్టిగా మాట్లాడారు.

ఆట అయ్యాక ఉమ్ రాఫత్ ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకుంది. అయ్యా, మా అమ్మ కుట్టిన గౌనుని విప్పి, పొట్టిచేసి, మళ్ళీ నాకే అమ్మడానికి వచ్చారా, పోనీ ఆ తలుపు దగ్గరి మాటైనా ఉంచారు కాదేం అంది. పాతగా ఉందని తీసేశామండీ అన్నాడాయన. మరి మిగతాదంతా కొత్తదా అంది. పాపం, ఆ సూటాయన కూడా నవ్వేశాడు.

ఏప్రిల్ 16, మంగళవారం

రెండు సంగతులు.

ఒకటి. ఉస్తాజ్ షహీర్ ఫోన్ చేశాడు. బక్రీద్‌కి ఇంకో పాత సినిమా రీమేక్ వస్తోందట. మీ జనాన్ని ఇలాగే అరవనివ్వండి, మేం పత్రికల్లో వేయిస్తాం అన్నాడు. అన్నయ్య ఇల్లంతా గంతులేశాడు.

రెండు. ఈరోజు హాల్లో సగమే. అరుపులు కూడా సగమే. బయటికొస్తూ ఉమ్ రాఫత్ నీరసంగా, సరదాగానే ఉంది గానీ ఇన్సాఫ్, తెలిసిన మాటలే ఎన్నాళ్ళని చెబుతాం, నాలుక అరిగిపోతోంది అంది.

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. అన్నం దగ్గర కూడా కూర్చుంది.

ఏప్రిల్ 17, బుధవారం

ఇస్తిఖారా నమాజు చేసి పడుకున్నాను, దారి చూపించమని. కలేదీ రాలేదు. హాయిగా నిద్రపట్టింది. అదే జవాబు అనుకున్నాను.

బయ్యూమీ పెన్నుతో వచ్చాడు, హాలు నిండింది మూడు రోజులేగా అంటూ. అన్నయ్య బక్రీద్ సినిమా పేరు చెప్పి ఆయన్ని సాగనంపబోయాడు. అప్పుడు నేను ఫోన్ తీసుకుని ఉస్తాజ్ షహీర్‌తో మాట్లాడాను. నాయనా, ఎవరికీ తెలియని కథ ఏదైనా ఉందా మీ దగ్గర అన్నాను. ఆయన తడుముకున్నాడు. ఒకటుంది హగ్గా, చిన్న సినిమా, పెద్ద నటులు లేరు, ఏ హాలూ తీసుకోలేదు, అదేం కథంటే ఒక... చెప్పకండి అన్నాను. దయచేసి చెప్పకండి. అదే పంపండి.

అన్నయ్య తల పట్టుకున్నాడు. నీకు మతిపోయిందా చెల్లీ, పండగా కాదు పబ్బమూ కాదు, తల్లీతండ్రీ లేని సినిమాకి ఎవడొస్తాడు అన్నాడు. ఎవరూ రాకపోతే ఆ సాయంత్రమే సంతకం పెడతాను, నా వంతూ పోతుంది, నీ వంతూ పోతుంది, వస్తే మాత్రం ఈయన మళ్ళీ ఈ గడప తొక్కకూడదు అన్నాను. బయ్యూమీ నాతో కాదు, అన్నయ్యతో, సరే, మాటంటే మాటే, ఆ రోజు నేనూ వస్తాను అన్నాడు.

నేను అంత మాట్లాడానా? అన్నం వండుతూ మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

ఏప్రిల్ 25, గురువారం

కైరోలో చదివే పిన్నిగారి అబ్బాయి ఆ సినిమా ఎక్కడో చూశాడట. ఫోన్లో కథ చెప్పబోతే నెర్మీన్ స్పీకర్ మీద దిండు పెట్టింది. నా మేనకోడలు బంగారం.

మే 1, బుధవారం

రేపే ఆ తెలియని సినిమా. ఇవాళ టీలో ఉప్పు వేశాను. అన్నయ్య తాగేశాడు, తెలియలేదు. ఆయన పరిస్థితీ అంతే.

మే 2, గురువారం. సాయంత్రం, ఇంటర్వెల్

జనం వచ్చారు. అరవడానికే వచ్చారు. మొదట్లో అరిచారు కూడా, వీడే దొంగ, ఆ పిల్ల వాణ్ణే చేసుకుంటుంది అని. అన్నీ తప్పే. కాసేపటికి ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్ల చప్పుడు వినబడింది.

ఎవరూ టీకి బయటికి రావడం లేదు. బయ్యూమీ మూడో వరసలో, ఆ పిల్ల తాళంచెవి తీసిందా లేదా అని అన్నయ్యతో పోట్లాడుతున్నాడు. ఉమ్ రాఫత్ కిటికీ దాకా వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాతేమవుతుంది ఇన్సాఫ్ అంది. నాకూ తెలియదు అన్నాను.

గంట కొట్టారు. దీపాలు ఆర్పుతున్నారు. వెళ్ళాలి.