మూతపడిన కంపెనీ పేరు నేనే కొన్నాను

ధర్మవరం,
సోమవారం.

మన పట్టుచీరల సొసైటీ అధ్యక్షులు ఓబులేసన్నకు నమస్కారం.

మూతపడిన కంపెనీ పేరు దొంగతనంగా కొన్నానని, క్షమాపణ రాయకుంటే కంప్యూటర్ పనిలో నుంచి తీసేస్తామని నోటీసు పంపినారు. నేను రాయను, అన్నా.

మన సొసైటీ పేరుతో ఎవరు మెయిల్ పంపినా, అది అసలుదో దొంగదో చెప్పే రిపోర్టు, ఆ మెయిల్ అందుకున్న సర్వర్ల నుంచి రోజూ వస్తుంది. ఆ రిపోర్టులు మన చేతికి రాకుండా, మనకు మెయిల్ పెట్టిచ్చిన కంపెనీ మెయిల్ అడ్రసుకు పోతాండాయి. ఆ కంపెనీ మూతపడి, దాని వెబ్‌సైట్ పేరు గడువు తీరి అమ్మకానికి వచ్చింది. ఎవరు కొంటే రిపోర్టులు వాళ్లకే. దొంగ మెయిళ్లు పంపేవాడే కొంటే, తనవి ఏవి పట్టుబడినాయో, ఏవి తప్పించుకున్నాయో వానికి ఇంట్లో కూర్చోనే తెలుస్తుంది.

అడ్రసు మార్చే పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాది. మూడుసార్లు అడిగినా. "సచ్చిపోయిన కంపెనీకి భయపడతాండావేమ్మా?" అని నవ్వినారు. అందుకే నా పేరు మీద నేనే కొన్నాను. మరుసటి రోజు మనవే కాదు, ఆ కంపెనీనే మెయిల్ పెట్టిచ్చిన ఇంకా పదకొండు సొసైటీల రిపోర్టులు నాకొచ్చినాయి. అందరికీ ఫోన్ చేసి చెప్పినా. వాళ్లంతా అడ్రసు మార్చుకున్నారు. మీరొక్కరే నోటీసు ఇచ్చినారు.

నిన్న ఎవడో ఫోన్ చేసి, ఆ పేరు అమ్ముతావా అన్నాడు. "నీకెందుకప్పా?" అని అడిగితే చెప్పకుండా రేటు రెండింతలు చేసినాడు. అమ్మనని ఫోన్ పెట్టేసినా.

నన్ను తీసేస్తే తీసేయండి. మీరు అడ్రసు మార్చేదాకా ఆ పేరు మాత్రం నా చేయి దాటదు.

ఇట్లు,
మీ సొసైటీ కంప్యూటర్ ఆపరేటర్