యారాడ బస్సుకి ఒక ఈల

శ్రీమతి కాబోయి ఆగిపోయిన నూకాలు గారికి, బీయస్సీ పాసైన ఈ మూర్ఖుడు విన్నవించుకునేది.

నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాది. ఇవాళే మీ యారాడకు తొలి సిటీ బస్సు వచ్చింది, అందులోనే నేనూ వచ్చాను.

నిన్ను చూడ్డానికొచ్చి నేను పట్నానికి తిరుగు పడవ ఎక్కబోతే నువ్వు ఈల వేసేదానివి. గాలి లేచి పడవ ఆగేది, నేనూ ఆగేవాణ్ణి. "ఈలేసి గాలిని పిలవకూడదని సెప్పలేదేటే? గంగమ్మకి కోపమొత్తాది!" అని మీ మామ్మ నిన్ను తిట్టి, నాకు చేపల పులుసు పోసేది.

సాయంత్రం తిరుగు బస్సు హారన్ కొట్టింది. నేను ఈల వేశాను. నోట్లోంచి ఊపిరే వచ్చింది, కొబ్బరాకు కదల్లేదు. బస్సు దర్జాగా వెళ్లిపోయింది.

"ఎక్కలేకపోనావేటి బాబూ?" అంది మామ్మ.

"గాలి మామ్మా," అన్నాను.

ఆమె కదలని కొబ్బరాకుల్ని చూసింది. "అవును, శానా గాలి," అంటూ పులుసు పొయ్యిమీద పెట్టింది.