నీళ్ళు తాగే పెందువ

కోతల కాలం, మూడో నెల, 9

రాత నాన్న నేర్పాడు. రాసుకోవడానికి పెంకులకు మా ఇంట్లో కొదవలేదు. మా ఆయన పెందువ తాగి పగలగొట్టిన బీరు కుండలే చాలు.

ఈ రోజు వైద్యుడు వచ్చి పెందువ పొట్ట నొక్కి చూశాడు. లోపల రాయిలా ఉందన్నాడు. ఇలాగే తాగితే వచ్చే వరద కాలం చూడడన్నాడు. ఆ తరువాత ఒక పొడి ఇచ్చి, రోజూ పొద్దున్నే బీరులో కలిపి పట్టమన్నాడు! నీళ్ళలో కలపకూడదా అని అడిగితే, "నీళ్ళలో మందేంటమ్మా, ఒంటబడుతుందా?" అని నవ్వాడు. ఈయన తెలివి తెల్లారినట్టే ఉంది.

12

నీళ్ళలోనే కలిపి పట్టాను. కక్కాడు. మళ్ళీ పట్టాను.

20

జీతం వచ్చింది. జీతమంటే రొట్టెలు, బీరే కదా. కుండలు గడప దాటకముందే పక్కింటి హునెరోకి ఇచ్చేసి ఎండు చేపలు తీసుకున్నాను. సాయంత్రానికి వీధంతా పాకింది. అత్త పరుగున వచ్చి, "మొగుడి నోటికాడ కూడు లాక్కున్న ఆడదాన్ని నిన్నే చూశానే" అని శాపనార్థాలు పెట్టింది. పాలు మరిచిన పిల్లలు కూడా బీరు తాగే ఊళ్ళో నా మాట ఎవరికెక్కుతుంది?

పెందువ గుమ్మంలో కూర్చుని నీళ్ళు తాగుతుంటే, నీళ్ళ గాడిదలు తోలేవాడు, "నీకూ నా గాడిదకీ ఒకటే తొట్టి పెట్టనా?" అన్నాడట. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకే ఏడుపొచ్చింది.

నాలుగో నెల, 25

ఆయన చెయ్యి ఇప్పుడు వణకడం లేదు! రాజుగారి సమాధి గోడ మీద ఆయన గీసిన బొమ్మకు గీత తిన్నగా వచ్చిందని మేస్త్రీ మెచ్చుకున్నాడట. ఈ రోజు రొట్టె అడిగి మరీ పెట్టించుకున్నాడు.

వరద కాలం, మొదటి నెల, 19

రేపు హాతోర్ అమ్మవారి తాగుడు పండగ. అందరూ గుడిలో తాగి పడిపోవాలి, తెల్లవారి డప్పులకు లేచి ఆమెను చూడాలి. మనుషులందరినీ చంపబోయిన తల్లిని పూర్వం బీరు పోసే కదా చల్లార్చింది.

మేస్త్రీ ఇంటికొచ్చాడు. ఆయనకు బాగాలేదు, రాడని చెప్పాను. "చూడు వెబ్ఖెత్, సమాధి కప్పు బీటలిచ్చింది. దాని కింద పనిచేసేది మేమంతా. నీ మొగుడొక్కడు ముట్టకపోతే ఆయమ్మ కోపం ఎవరి నెత్తిన పడుద్ది?" అన్నాడు. ఆమె అంటే నాకూ భయమే.

పెందువ నా మొహం చూశాడు. నేను వద్దంటే ఆగేవాడు. ఈ ఒక్క రోజే అన్నాను. నేనే అన్నాను.

21

డప్పులు మోగాయి. అందరూ లేచారు. ఆయన లేవలేదు. నోటి పక్కన నెత్తురు.

అమ్మవారే తీసుకెళ్ళింది, అదృష్టవంతుడు అంటున్నారు. మేస్త్రీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నన్ను ఓదార్చడానికి ఒక కుండ బీరు తెచ్చాడు.

నాలుగో నెల, 3

డెబ్భై రోజులు ఒళ్ళు ఎండబెట్టి కట్లు కట్టాక, ఈ రోజు సమాధి చేశాం. వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు అని పెళ్ళాం నోటితో అనాలట. రొట్టెల దగ్గరే ఆగిపోయాను. "బతికుండగా మాడ్చావు, చచ్చాకైనా తాగనియ్యవే" అని అత్త అరిచింది.

అనేశాను. అన్నదంతా ఆ లోకంలో ఆయనకు అందుతుంది. ఆయనకిక రోజూ వెయ్యి కుండలు. వద్దనడానికి నేను ఉండను.