ఎడమచేతి ఉలి గీతలు

నాయనా ఈశ్వరా, నంద్యాలలో మీ అన్న ఇంట్లో నేను బాగుండాను. మీ అన్న పోయినకాడ్నుంచి నువ్వు ఫోన్ ఎత్తవని కార్డు రాస్తాండా. యూనివర్సిటీ పాత మేడలో పగిలిన రాళ్లు తీసి, వాటి బదులు వాడు చెక్కి పెట్టినవి చూసినా. "ఏది పాతదో ఏది కొత్తదో మాకే తెలీదమ్మా" అన్నాడు ఇంజనీరు. నేను తడిమి వాడు చెక్కినవి తొమ్మిదీ చూపిచ్చినా. వానిది ఎడమచేతి వాటం గదా, ఉలి గీతలు అందరివాటికి ఎదురుపక్కకు వాల్తాయి. పదో రాయి సగంలోనే ఉంది. అమావాస్య లోపల నువ్వు రాకుంటే మిషన్ కోసిన రాయి పెడ్తారంట. మీ నాయన మోకాళ్లకు నూనె పూస్తాండావా? అన్న లేకుండా ఇంక సుత్తి పట్టనన్నావే, ఆ మాట మానుకో. మిగతా సగం నీ కుడిచేత్తోనే చెక్కు, వాని గీతలు మాత్రం చెరపొద్దు. చల్లగుండు నాయనా.

మీ అమ్మ