తెలుపుకన్నా వేడిది

అప్పా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. సాయంత్రం మబ్బు విడిస్తే, చాంపియన్ రీఫ్స్‌లో మూతపడిన బంగారు గని షాఫ్టు పక్క మైదానంలో మా బడిపిల్లలకు నక్షత్రాల రంగుల పాఠం చెప్పాను. ఎర్రటి జ్యేష్ఠే ఎక్కువ వేడి అని ఒకటే అరుపు. తెల్లటి అభిజిత్తే దానికన్నా వేడి అంటే నమ్మరే! గని కొలిమిలో డ్రిల్లు కడ్డీలు కాల్చి పదును పెడుతూ, అన్నం తెచ్చిన నాతో నువ్వన్న మాటే చెప్పాను: "ఎర్రగా ఉండేదానికి బెదరొద్దమ్మా. తెల్లబడినాక ఇంగ దగ్గరికి రావొద్దు."

"తెలుపుకన్నా వేడిది ఉండాదా, మిస్?" అని ఒక పాప అడిగింది.

ఆ రోజు నేనూ నిన్ను అదే అడిగాను. "నేనైతే చూడలేదమ్మా. నువ్వు యాడన్నా చూస్తే వచ్చి నాకు చెప్పు" అన్నావు.

పాపకు చిత్త నక్షత్రాన్ని చూపించాను.

నీలంగా ఉంటుంది, అప్పా.